పేరు తీసేసి బోర్ల వివరాలు ఆన్‌లైన్లో పెట్టేస్తే సరిపోతుందా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. దర్శి వైపు మెట్ట ఊళ్ళూ, కొత్తపట్నం తీరం ఊళ్ళూ కలిపి కొన్ని గ్రామాల కుర్రాళ్ళు ఒక సైటు కడుతున్నారు. ఎవరి బోర్లో ఎన్ని అడుగుల కింద నీళ్ళున్నాయి, ఎవరి బావి ఉప్పుబడింది, ఎండలు పెరిగాక ఎవరు ఏ పంటకి మారారు, మల్చింగ్ (మొక్కల మొదళ్ళ చుట్టూ గడ్డో ప్లాస్టిక్ షీటో కప్పడం) ఎవరికి పనిచేసింది అన్నది రైతులే రాసి ఒకరికొకరు చెప్పుకోవాలని వాళ్ళ ఆలోచన. ఫారంలో పేరు, ఫోను, సర్వే నంబరు, ఆధార్, ఫొటో అన్నీ అడిగారు. కొందరు ఇచ్చారు. రొయ్యల గుంటలవాళ్ళు మాత్రం "మా వివరాలు మీకెందుకు" అని పంపించేశారు. కమిటీలో ఒక పెద్దాయన "పేర్లు తీసేసి మిగతాది పెట్టేయండి, గొడవ ఉండదు" అంటున్నారు. హైస్కూలు మాస్టారేమో పిల్లలతో వాన లెక్క తీయిద్దాం, వాళ్ళ ఫొటోలు పెడదాం అంటున్నారు. ఇప్పుడేం చేయాలి అని అడిగాడు తమ్ముడు.

భూగర్భజలాల లెక్కలతోనూ, ఆ లెక్కలు భద్రంగా దాచే పనితోనూ చాలా ఏళ్ళుగా ఉన్నవాణ్ణి కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

పేర్లు తీసేస్తే సరిపోదు, మన ఊళ్ళలో అయితే అస్సలు సరిపోదు. ఉదాహరణకి మీ పట్టికలో ఒక వరుస ఇలా ఉందనుకోండి: ఊరికి పడమర, బోరు 420 అడుగులు, ఏడున్నర హెచ్‌పీ మోటారు, మూడెకరాల బత్తాయి, పోయిన వేసవిలో రెండించీల నీళ్ళు ముప్పావు ఇంచికి పడిపోయాయి. పేరు లేదు, ఫోను లేదు. ఒంగోల్లో కూర్చుని చదివేవాడికి అవి ఉత్త అంకెలు. అదే ఆ ఊరి టీ బంకు దగ్గర చదివితే "పడమర బత్తాయి" అనగానే మనిషి పేరు, వాళ్ళ నాన్న పేరు, ఆ బోరుకి ఎంత అప్పు చేశాడో కూడా చెప్పేస్తారు. అమెరికాలో లతాన్యా స్వీనీ అనే పరిశోధకురాలు 2000లో ఒక లెక్క తేల్చింది. పుట్టిన తేదీ, ఆడా మగా, మన పిన్‌కోడ్ లాంటి జిప్ కోడ్, ఈ మూడూ కలిస్తే చాలు, ఆ దేశంలో 87 శాతం మందిని విడివిడిగా పట్టుకోవచ్చని. కోట్లమంది ఉన్న దేశంలోనే సంగతి అలా ఉంటే మూడు నాలుగొందల గడపల ఊళ్ళో ఎవరు దాగుతారు?

తెలిస్తే ఏమవుతుంది, బోరు గురించి దాచాల్సిందేముంది అని మీ పెద్దాయన అడగొచ్చు. చాలా ఉంది. ఆ బత్తాయి రైతు రేపు కూతురి పెళ్ళికి ఆ మూడెకరాలు అమ్మాలనుకుంటాడు, కొనేవాడు ఫోన్ తీసి మీ సైటే చూపిస్తాడు, "నీ బోరు పోయిందంటగా" అని ఎకరానికి ఇంతని తగ్గిస్తాడు. పురుగుమందుల కొట్టాయన ఈసారి అరువివ్వడానికి వెనకాడతాడు. ఇంకో రకం కూడా ఉంది. ఫలానా చోట 420లో మంచి నీళ్ళు పడ్డాయని తెలిస్తే పక్క చేను ఆసామి డబ్బున్నవాడైతే బోరు బండిని పిలిపించి ఆరొందల అడుగులు దింపుతాడు, ఏడాది తిరిగేసరికి మొదటి బోరు గాలి కక్కుతుంది. నీళ్ళు కాపాడాలని మీరు పెట్టిన లెక్కే నీళ్ళ పోటీకి దారి చూపించినట్టవుతుంది. పైగా 2002 నాటి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం బోరు నమోదు కావాలి, కొత్తది వేయాలంటే అనుమతి కావాలి. కాగితాలు లేని బోర్లు ఎన్ని ఉన్నాయో మీకూ తెలుసు. చట్టం అమలు చేయడానికి అధికారులకు వాళ్ళ దారులు వాళ్ళకున్నాయి. మీ సైటు చూసి ఎవరికో నోటీసు వచ్చిందన్న మాట ఒక్కటి పుట్టిందా, ఆ ఊళ్ళో ఇంకెవరూ మిమ్మల్ని బోరు మూత తీయనివ్వరు, ఆ తర్వాత మీకు ఏ లెక్కా దొరకదు.

అన్నిటికన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది కౌలు రైతు సంగతి. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలలు చెల్లే సాగు హక్కు కార్డు కౌలు రైతుకి ఇస్తారు, కానీ భూమి యజమాని ఒప్పుకుంటేనే. కార్డు మీద సంతకం పెడితే రేపు భూమి మీద హక్కు అడుగుతాడేమోనని చాలామంది యజమానులు ఒప్పుకోరు, నోటి మాట మీదే కౌలు నడుస్తోంది. అలాంటప్పుడు మీ సైటులో "సర్వే నంబరు ఫలానా, సాగు చేస్తున్నది ఫలానా" అని కనపడితే యజమాని ఏం చేస్తాడు? వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇచ్చేస్తాడు. వానలు తగ్గినా తుపాను వచ్చినా మొదట నష్టపోయేది కౌలు రైతే, వాళ్ళ అనుభవం మీ సైటులో అందరికన్నా ముందు ఉండాలి. అందుకే చెప్తున్నా, మీ ఫారంలోంచి సర్వే నంబరు గడి తీసేయండి. "సొంతమా, కౌలా" అన్న గడి కూడా బయట కనపడే పట్టికలో ఉండకూడదు. దాంతో మీకు పని కూడా లేదు, నీటిమట్టానికి భూమి ఎవరిదో తెలియక్కర్లేదు.

అలాగని అన్నీ దాచి తాళం వేయమనడం లేదు. నీళ్ళ లెక్క నలుగురికీ తెలిస్తేనే ఉపయోగం. రెండు వేల సంవత్సరం తర్వాత అప్పటి ప్రకాశం జిల్లాతో సహా ఏడు కరువు జిల్లాల్లో రైతులే భూగర్భజలాలు చూసుకునే ఒక ప్రాజెక్టు నడిచింది, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏఓ సాయంతో, ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ అని దాన్ని పిలిచేవాళ్ళు. రైతులే వానమాపకం చూసి రాసేవాళ్ళు, బోర్లలో మట్టం కొలిచేవాళ్ళు, ఆ అంకెలు ఊళ్ళో గోడ మీద బోర్డుకెక్కేవి, రబీకి ముందు అందరూ కూర్చుని ఊళ్ళో ఎంత నీరుంది, ఏ పంటకి సరిపోతుంది అని లెక్క వేసుకునేవాళ్ళు. ఊరి గోడ మీద రాసింది ఊరివాళ్ళు చూస్తారు. అదే ఇంటర్నెట్లో పెడితే భూముల బ్రోకరూ, అప్పులిచ్చే యాప్ వాడూ, ఎక్కడో కూర్చున్న కంపెనీవాడూ చూస్తాడు, పదేళ్ళయినా చూస్తూనే ఉంటాడు. నలుగురిలో చెప్పుకునే పద్ధతిని అలాగే ఉంచుకుంటూ, బయటివాడి చేతికి ఏం వెళ్తోందో మీరు కనిపెట్టి ఉండాలి.

కాబట్టి అందరి ఆస్తికి సంబంధించిన లెక్క మొత్తం బాహాటంగా పెట్టేయండి. వాన ఎన్ని మిల్లీమీటర్లు పడింది, చెరువులో నీళ్ళు ఎంతవరకు ఉన్నాయి, పంచాయతీ బోరులో మట్టం, వీధి కుళాయి నీళ్ళలో ఫ్లోరైడ్, తీరం ఊళ్ళలో పంచాయతీ బావి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాల లెక్క), వీటికి ఏ దాపరికమూ అక్కర్లేదు, తేదీతో సహా కచ్చితమైన చోటుతో సహా పెట్టొచ్చు, పెట్టాలి కూడా. సొంత బోర్ల సంగతి వేరు. కచ్చితమైన లెక్క మీ దగ్గర విడిగా ఉంచుకుని బయటికి ఊరి సగటు ఒక్కటే చూపించండి. ఒక ఊళ్ళో ఐదు కన్నా తక్కువ బోర్లు కొలిచిన నెలలో ఆ ఊరి సగటు వేయొద్దు, పక్క ఊరితో కలిపి చూపించండి. ఇంకో చిన్న కిటుకు ఉంది, చాలామంది పట్టించుకోరు. కిందటి నెల ఏడు బోర్ల సగటు వేశారు, ఈ నెల ఎనిమిది బోర్ల సగటు వేశారు, కొత్తగా చేరింది ఎవరో ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఏడింటి మట్టం పెద్దగా మారకపోతే పాత సగటూ కొత్త సగటూ చూసుకుని ఆ ఎనిమిదో బోరు లెక్క దాదాపుగా బయటికి లాగడానికి ఎనిమిదో తరగతి లెక్కలు చాలు. అందుకని కొత్తవాళ్ళని ఒక్కొక్కరుగా కాకుండా సీజను మొదట్లో గుంపుగా చేర్చుకోండి.

తరవాత మ్యాపు. ఫోను ఇచ్చే లొకేషన్లో చుక్క తర్వాత ఐదారు అంకెలుంటాయి. ఒక డిగ్రీ అక్షాంశం అంటే దాదాపు 111 కిలోమీటర్లు. చుక్క తర్వాత రెండంకెలు ఉంచితే కిలోమీటరు పైచిలుకు తేడాతో చోటు తెలుస్తుంది, మూడుంచితే 110 మీటర్లు, నాలుగుంచితే 11 మీటర్లు, ఐదుంచితే మీటరు, అంటే బోరు గొట్టం మీద వేలు పెట్టి చూపించినట్టే. బయట కనపడే మ్యాపులో సొంత బోర్లకి రెండంకెలకు మించి వద్దు. తీరం వైపు వాళ్ళు తాబేళ్ళు గుడ్లు పెట్టిన చోటు కూడా సైటులో పెడతామంటే దానికీ ఇదే మాట. ఎవరు ఏ జీవిని ఎక్కడ చూశారో జనం నమోదు చేసే ఐనాచురలిస్ట్ లాంటి పెద్ద సైట్లే ప్రమాదంలో ఉన్న జీవుల చోటుని వాటంతట అవే మసక చేసి చూపిస్తాయి.

మ్యాపు జాగ్రత్తగా చేసి ఫొటో దగ్గర దొరికిపోయేవాళ్ళు చాలామంది. మన దగ్గర అందరూ వాడే జీపీఎస్ మ్యాప్ కెమెరా ఉందిగా, సచివాలయం సిబ్బంది దగ్గర్నుంచి ఉపాధి పనుల వరకు. అది ఫొటో కిందే చిన్న మ్యాపు, ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, టైము అచ్చేసి పెడుతుంది. ఆ ఫొటో మీ సైటులో కనపడ్డాక పట్టికలో ఎన్ని అంకెలు కత్తిరించినా ఏం లాభం? మామూలు కెమెరాతో తీసినా ఫొటో ఫైలు లోపల లొకేషన్ దాగి ఉండొచ్చు. వాట్సాప్‌లో మామూలుగా ఫొటోగా పంపితే అది పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే వచ్చేస్తుంది. ఫోను కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేయమని వలంటీర్లందరికీ చెప్పండి, సైటు కట్టే కుర్రాడితో అప్‌లోడ్ అయిన ప్రతి ఫొటోలోంచీ ఆ సమాచారం తుడిచేసేలా రాయించండి. పంట ఫొటో అడిగితే ఆకు మీదికి వంగి దగ్గరగా తీయమనండి, ఇల్లు, మనిషి, బండి నంబరు ఏవీ రానక్కర్లేదు.

జబ్బుల గురించి ఒక్క మాట. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు, అది మన దేశ ప్రమాణం. ఆ లెక్క కుళాయి దగ్గర పెట్టండి, గట్టిగా అడగండి. ఎవరింట్లో కీళ్ళు పట్టాయి, ఎవరికి కిడ్నీలు పోయాయి అన్నది మాత్రం మీరు రాసుకోవద్దు. ఆ ఇంటి పిల్ల పెళ్ళి సంబంధం దాకా వెళ్తుంది ఆ సమాచారం.

ఇక చట్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది, నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, మీకు వర్తించే బాధ్యతల్లో ఎక్కువ భాగం పద్దెనిమిది నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి అమల్లోకొస్తాయి. మాది కంపెనీ కాదు, రిజిస్ట్రేషనే లేదు అనుకోవద్దు, నలుగురు కలిసిన బృందం కూడా ఆ చట్టం దృష్టిలో బాధ్యత ఉన్నదే. కాగితం మీద తీసుకుని తర్వాత కంప్యూటర్లో ఎక్కించినా వర్తిస్తుంది. సరైన జాగ్రత్తలు తీసుకోక డేటా బయటపడితే జరిమానా 250 కోట్ల దాకా వేయొచ్చు. చిన్న బృందం మీద అంత వేస్తారని కాదు, చట్టం దీన్ని ఎంత పెద్ద విషయంగా చూస్తోందో తెలియాలని చెప్తున్నా. రైతు ఒప్పుకోలు స్పష్టంగా ఉండాలి, ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడాలి, తెలుగులో చదివే అవకాశం ఉండాలి, ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి.

ఈ ఒప్పుకోలు అనేది సైటు అడుగున చిన్న అక్షరాల్లో పెట్టి టిక్కు కొట్టించే వ్యవహారంగా చేయకండి. మీ వలంటీరు రైతు ఎదురుగా కూర్చుని నోటితో చెప్పాలి. నేనైతే ఇలా చెప్పిస్తాను: "అన్నా, మీ బోర్లో మట్టం నెలకోసారి కొలుస్తాం. మీ పేరు, ఫోను మాలో ఇద్దరికే తెలుస్తాయి. బయట ఊరి సగటే కనపడుతుంది. పంట గురించి మీరు చెప్పింది మీ పేరుతో పెట్టమంటారా, పేరు లేకుండా పెట్టమంటారా, అసలొద్దంటారా, మీ ఇష్టం. ఎప్పుడు వద్దన్నా తీసేస్తాం, కాకపోతే అప్పటికే ఎవరైనా ఫోన్లో దించుకున్నది మేం వెనక్కి తేలేం. వద్దన్నా మీకు వాన కబురూ సలహాలూ ఆగవు." ఇంతే. ఇందులో బోరు లెక్కకి వేరుగా, అనుభవానికి వేరుగా అడగడం ముఖ్యం. ఎందుకంటే కొందరికి పేరు కావాలి, న్యాయంగా అది వాళ్ళ హక్కు. సొంతంగా ఒక కషాయం తయారుచేసి పదిమందికి చెప్పిన రైతు, తాతల నాటి వరి విత్తనం కాపాడుకొస్తున్న నెల్లూరు వైపు రైతు, తన పేరు కింద తన మాట చూసుకోవాలనుకుంటారు. గోప్యత పేరు చెప్పి వాళ్ళ కష్టాన్ని "ఒక రైతు చెప్పారు" అని రాయడం తప్పు.

పిల్లల సంగతి. ఈ చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపు అందరూ పిల్లలే, వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల ఒప్పుకోలు, అదీ రుజువు చూపించగలిగే ఒప్పుకోలు కావాలి. మాస్టారికి ఒక సులువైన దారి చెప్పండి. వానమాపకం పిల్లలే చూడనివ్వండి, సైటులో మాత్రం బడి పేరుతోనే అంకె ఎక్కించండి, బడి తరఫున మాస్టారి లాగిన్ ఒక్కటే ఉంటుంది. పిల్లల పేర్లూ ముఖాలూ బడి నోటీసు బోర్డు మీద పెట్టి మెచ్చుకోండి, వాళ్ళకి ఆ సంతోషం చాలు.

దాచే పద్ధతి గురించి త్వరగా చెప్పేస్తా. రెండు పట్టికలు పెట్టుకోండి, ఒకదాంట్లో పేరు, ఫోను, ఒక కోడ్, రెండోదాంట్లో కోడ్, మట్టం, పంట. కోడ్‌గా ఫోను చివరి నాలుగంకెలు వాడొద్దు, ఊళ్ళో అందరి ఫోన్లలో ఆ నంబర్లుంటాయి. మొదటి పట్టిక ఇద్దరి దగ్గరే ఉండాలి, ఆ ఇద్దరూ ఎరువుల వ్యాపారం చేసేవాళ్ళో, ఏదో ఒక పార్టీ తరఫున తిరిగేవాళ్ళో కాకుండా చూసుకోండి, ఊళ్ళో రెండు వర్గాలుంటే వర్గానికొకరు ఉన్నా మంచిదే. గూగుల్ షీటు "లింకు ఉన్న ఎవరైనా" అని పెట్టొద్దు. ఊరు వదిలి హైదరాబాదో బెంగళూరో వెళ్ళిపోయిన వలంటీరు అనుమతి ఆ రోజే తీసేయండి. మొత్తం షీటుని ఏఐకి ఇచ్చి సారాంశం రాయించే అలవాటు ఉంటే పేర్ల పట్టిక దాని దగ్గరికి పోకుండా చూడండి. వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనపడతాయి, ఆడవాళ్ళు చేరకపోవడానికి సగం కారణం అదే. దాని బదులు ఛానెల్ పెట్టండి, చూసేవాళ్ళ నంబర్లు ఒకరికొకరికి కనపడవు.

తుపాను, వరద అప్పుడు సంగతి వేరు. 2021 నవంబరులో పెన్నాకి వచ్చినట్టు వరదొస్తే ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళెవరు, గర్భిణులెవరు, ఏ వీధి, ఏ నంబరు అన్నది పడవ వేసుకెళ్ళేవాళ్ళకి చేరాల్సిందే, అప్పుడు నెమ్మదిగా ఒప్పుకోలు అడుగుతూ కూర్చోలేం. కానీ ఆ జాబితాకి మొదటి రోజే ఆయుష్షు రాసిపెట్టండి, నీళ్ళు తీసిన నెలలోపు గ్రూపులోంచీ ఫోన్లలోంచీ తుడిచేయాలని. ఫలానా ఇంట్లో ముసలామె ఒక్కతే ఉంటుందన్న జాబితా వరద తగ్గాక ఎవరికి పనికొస్తుందో ఆలోచించండి.

మీ సైటు నాలుగు ఊళ్ళకి తెలిసిందంటే అడిగేవాళ్ళు వస్తారు. విత్తన కంపెనీవాళ్ళు రైతుల నంబర్లడుగుతారు, కార్బన్ క్రెడిట్ల వాళ్ళు (చెట్లు పీల్చుకున్న కార్బన్‌ని లెక్కగట్టి అమ్మేవాళ్ళు) జామాయిల్, సుబాబుల్ తోటల హద్దులు, పాస్ బుక్కులు అడుగుతారు, రైతులకి డబ్బొస్తుంది అని కూడా అంటారు, రావొచ్చు కూడా. అయినా మీరు జాబితా ఇవ్వొద్దు. వాళ్ళ ప్రకటన మీరు సైటులో పెట్టండి, ఇష్టమున్న రైతు తనే ఫోన్ చేసుకుంటాడు. ఏ అధికారైనా అడిగితే మర్యాదగా ఏ చట్టం కింద, దేనికి కావాలో రాతపూర్వకంగా ఇమ్మనండి. ఫోన్లో అడిగినదానికి ఇవ్వొద్దు.

రొయ్యల గుంటలవాళ్ళు వద్దన్నారని కోపం తెచ్చుకోకండి. పక్కన వరి పొలం ఉప్పుబడిందంటే వేళ్ళన్నీ వాళ్ళ వైపే చూపిస్తాయి, వాళ్ళ భయం వాళ్ళది. వాళ్ళ గుంట లెక్క మీకు అక్కర్లేదు. చుట్టూ ఉన్న పంచాయతీ బావుల్లో, చేతిపంపుల్లో టీడీఎస్ మీటరు ముంచి వేసవికి ముందోసారి, వానలయ్యాక ఓసారి రాసుకోండి, ఉప్పు ఎటు నుంచి ఎటు వస్తోందో మూడు నాలుగేళ్ళలో అదే చెప్తుంది. ఉప్పు గురించి ఫిర్యాదు రాసిన వరి రైతు పేరు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ బయటికి రాకూడదు, ఫిర్యాదు మీ బృందం పేరుతోనే వెళ్ళాలి.

చివరిగా ఇప్పటికే తీసుకున్న ఆధార్ కాపీలు. నీటిమట్టానికీ ఆధార్‌కీ ఏ సంబంధమూ లేదు. పీఎం కిసాన్ పేరుతో దొంగ ఏపీకే ఫైళ్ళు (ఫోన్లో యాప్ ఎక్కించేవి) పంపి ఖాతాలు ఖాళీ చేస్తున్న రోజులివి, పేరు, ఫోను, ఆధార్ ఒకే చోట దొరికితే మోసగాడికి నమ్మకంగా మాట్లాడటానికి ఇంకేం కావాలి. ఈ వారమే జిరాక్సులన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగిచ్చేయండి, షీటులో ఆ గడి తీసేయండి. గూగుల్ షీట్లో గడి తీసేసినా వెర్షన్ హిస్టరీలో పాతది కనపడుతూనే ఉంటుంది, అందుకని మిగతా గడులు మాత్రం కొత్త షీటులోకి కాపీ చేసుకుని పాతదాన్ని పూర్తిగా డిలీట్ చేయండి, తర్వాత ట్రాష్‌లోంచి కూడా. వలంటీర్ల ఫోన్ల గ్యాలరీల్లో, వాట్సాప్ చాట్లలో ఉన్న ఆధార్ ఫొటోలు అందరూ ఒకచోట కూర్చుని తీసేయండి. ఇచ్చిన రైతులకి ఫోన్ చేసి తీసేశామని చెప్పండి, ఆ సంగతి విన్నాకే రొయ్యల గుంటలవాళ్ళ దగ్గరికి మళ్ళీ వెళ్ళండి.